లంచ్ విజిల్‌లో ఒంటి చప్పట

అప్పట్లో మా డేటన్ ఊరి పడమటి వైపున పెద్దవాళ్లలో ఎవరిని కదిపినా, ఆ ఆదివారం మధ్యాహ్నం స్కేటింగ్ హాల్లో తామూ ఉన్నామనే చెప్పేవాళ్లు. ఆ రోజు అక్కడ కూర్చున్నది ముప్పై మంది. ఉన్నామని చెప్పుకునేవాళ్లు నాలుగు వందలకు తక్కువ ఉండరు. ఇందులో నన్ను నేను మినహాయించుకోను. రెండేళ్లపాటు నేనూ అదే మాట చెప్పాను. నిజానికి ఆ మధ్యాహ్నం నేను కొలంబస్‌లో, మా జుట్టు పనివాళ్ల పోటీలో, ఒక బొమ్మ తలకి ఉంగరాలు తిప్పుతూ ఉన్నాను.

తాను అక్కడ లేనని గట్టిగా చెప్పే మనిషి మా అందరిలో ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు లెమ్యూల్ ప్రాథర్. వారమంతా ఇనుము కరిగించే ఫౌండ్రీలో అచ్చులు పోసేవాడు. ఆదివారం వస్తే మా చర్చిలో తెల్ల గ్లౌజులు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడేవాడు. ఎవరు ఏ వరసలో కూర్చోవాలో రెండు వేళ్లతో చూపించేవాడు. పాటలు ఎంత ఊపందుకున్నా, ఆడవాళ్ల టోపీలు ఎగిరిపడుతున్నా, ఆయన మాత్రం పాతేసిన కరెంటు స్తంభంలా నిలబడి ఉండేవాడు. పక్షులు వాలకపోవడం ఒక్కటే తేడా అని ఆయన భార్య వెర్డెల్ అనేది.

స్కేటింగ్ హాలు సంగతి ఎవరైనా ఎత్తితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. చర్చి వ్యానులో కుర్చీలు తీసుకెళ్లి దించాడు, వెళ్లిపోయాడు, సాయంత్రం వచ్చి ఎక్కించుకుపోయాడు. అంతే. ఇంకో ప్రశ్న వేసే సందు ఇచ్చేవాడు కాదు.

ఆ రోజు అక్కడ జరిగింది ఒక పాట రికార్డింగు. మా వీధుల్లో పుట్టి పెరిగిన ఎనిమిది మంది కుర్రాళ్లు థర్డ్ స్ట్రీట్ ఫౌండ్రీ అని పేరు పెట్టుకుని ఒక ఫంక్ పాటల బృందం కట్టారు. బేస్ గిటారు వాయించే టైరీ మాక్లిన్ వాళ్ల పెద్ద. 1974లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. దాని పేరు ‘ఓవర్‌టైమ్’. అట్ట మీద ఎనిమిది మందీ ఫ్యాక్టరీ బట్టల్లో, చేతుల్లో అన్నం డబ్బాలతో, పెళ్లికొడుకుల్లా పోజు పెట్టి ఉంటారు.

ఆ ఆల్బమ్‌లో ఏముందని అడిగితే నేను సరిగ్గా చెప్పలేను గానీ, అది ఏం చేస్తుందో చెప్పగలను. టైరీ బేస్ మొదలవగానే ఒక నిండైన మనిషి తొందరేమీ లేకుండా మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది. బాకాలు పక్కింటి ఆడవాళ్లు గోడ మీంచి మాటకు మాట విసురుకున్నట్టు ఉంటాయి. గిటారు నూనెలో ఉల్లిపాయలు వేసినట్టు చిటపటలాడుతూనే ఉంటుంది. వీళ్లందరూ ఎవరి దారిన వాళ్లు పోతున్నారనుకుంటాం. అంతలో తాళంలోని ఆ బరువైన మొదటి దెబ్బ దగ్గరికి అందరూ ఒక్కసారే, ఇల్లు గుర్తొచ్చినట్టు వచ్చి దిగుతారు. మళ్లీ వెళ్తారు, మళ్లీ వస్తారు. నాలుగుసార్లు అలా జరిగేసరికి వాళ్లతోపాటు మన మడమ కూడా అక్కడే దిగుతుంది. వద్దనుకున్నా దిగుతుంది. నా జుట్టు షాపులో ఆ ఆల్బమ్ పెడితే, జుట్టు సాపు చేసే వేడి దువ్వెన కింద పెట్టెయ్యాలని నియమం పెట్టాను. ఆ నియమం పెట్టకముందు ఇద్దరి చెవులు కాలాయి. అందులో ఒకరు పాస్టరుగారి మరదలు.

రెండో వైపు మొదటి పాట ‘లంచ్ విజిల్’. దాని మధ్యలో ఒక బాకా ఫ్యాక్టరీ కూతలా సాగదీసి అరుస్తుంది. వెంటనే అన్నీ ఆగిపోతాయి. నాలుగు లెక్కపెట్టేంత సేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, మూడు దగ్గర, ఎవరో ఒక్కరు చప్పట కొడతారు. ఒకే ఒక్క చప్పట, చెక్కతో చెక్కని కొట్టినట్టు. ఆ తర్వాత బేస్ నవ్వు ఆపుకోలేనట్టు తిరిగొస్తుంది.

అది తప్పని వినగానే తెలిసిపోతుంది. కానీ ఆ తప్పు కోసమే ఊరంతా కాచుకుని కూర్చునేది. రేడియోలో ఆ పాట వస్తే రోడ్డు మీద కార్లలో వాళ్లు స్టీరింగు వదిలేసి చేతులు పైకెత్తేవాళ్లు. పెళ్లి విందుల్లో ముసలమ్మలు కూడా కేకు ముక్క పక్కన పెట్టి, చేతులు సిద్ధంగా పెట్టుకుని, మూడు దగ్గర అందరితోపాటు ఒక్క చప్పట కొట్టి, మళ్లీ ముక్క అందుకునేవాళ్లు. ఆ చప్పట ఎవరిదన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

నాకు తెలుసు. వెర్డెల్ చెప్పింది. గురువారం గురువారం నా దగ్గర తల దువ్వించుకునేది. ఒకరోజు డ్రయ్యర్ కింద కూర్చుని, ఆ హోరులో తన గొంతు తనకే వినపడక, గుసగుస అనుకుని గట్టిగానే చెప్పేసింది. అదృష్టం కొద్దీ ఆ సమయానికి షాపులో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

టైరీకి ఆ పాటలో జనం సందడి కావాలనిపించిందట. వాళ్ల నాయనమ్మ మదర్ మాక్లిన్ మా చర్చిలో అందరికంటే పెద్దావిడ. ఆవిడ మాట మీద చర్చి కుర్చీలు ముప్పై ఇచ్చారు. ఇచ్చేటప్పుడు చర్చి పెద్ద డీకన్‌గారు లెమ్యూల్‌ని పిలిచి, కుర్చీలు కంటి ముందు నుంచి పోనివ్వద్దని చెప్పాడు. చెప్పింది లెమ్యూల్‌కి కాబట్టి ఆ మాట అక్షరాలా జరిగింది. ఆయన కుర్చీలు దించి, వేసి, అందరికంటే వెనకాల, స్కేట్లు పెట్టే అరల పక్కన నిలబడ్డాడు. టైరీ అందరికీ విషయం చెప్పాడు. పాటతోపాటు చప్పట్లు కొడుతూ ఉండండి, బాకా కూయగానే చెయ్యి కిందికి దించుతాను, అప్పుడు బొమ్మల్లా ఆగిపోండి అన్నాడు. అందరూ ఆగిపోయారు. వెనక నుంచి ఒక చప్పట పడింది. ముప్పై మందీ వెనక్కి తిరిగి చూశారు. లెమ్యూల్ కూడా వెనక్కి తిరిగి స్కేట్ల అరల వైపు చూశాడు.

ఆ తర్వాత టైరీ ఇంకో నాలుగుసార్లు వాయించాడట. నాలుగుసార్లూ ఒక్క తప్పు లేదు. నాలుగూ ఉప్పు లేని కూరలా ఉన్నాయి. ఆఖరికి మొదటిదే ఆల్బమ్‌లో పెట్టాడు.

ఆల్బమ్ ఇంటికి తెచ్చి పెట్టిన రోజున, ఆ చప్పట వినగానే వెర్డెల్ గరిటె కింద పెట్టి భర్త వైపు చూసింది. పదేళ్లకు పైగా అచ్చులు మోసిన చేతుల చప్పుడు ఇంకెవరిదో అనుకోవడానికి లేదు. ఆయన తల దించుకుని, కుర్చీలు లెక్కపెడుతూ ఉండిపోయానని, చెయ్యి దించడం చూడలేదని ఒప్పుకున్నాడు. ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకున్నాడు. అంతటితో ఆగలేదు. మళ్లీ జన్మలో ఇలాంటి తప్పు జరగకూడదని, ఆవిడ దగ్గర చప్పట్లు కొట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. వంటింట్లో కర్టెన్లు వేసి, ‘లంచ్ విజిల్’ పెట్టి, బాకా కూయగానే చేతులు గాల్లో ఆపడం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అరగంట. ఏళ్ల తరబడి. వెర్డెల్ ఈ ముక్క చెప్పేటప్పుడు డ్రయ్యర్‌తో సహా ఊగిపోయింది.

కొన్నేళ్లకి రోజులు మారాయి. ఆ చప్పట పేరు పెద్దదైంది. టైరీ వాళ్లు లాస్ ఏంజలెస్ వెళ్లిపోయారు, ఎక్కడికి వెళ్లినా జనం ఆ చప్పట గురించే అడిగేవాళ్లట. దాంతో హాల్లో ఉన్నామని చెప్పుకునేవాళ్లలో కొందరికి అది చాలలేదు. చప్పట నాదేనని మొదటగా అన్నది రాస్కో బీమన్. బడి బస్సులు బాగుచేసేవాడు. మంచి మనిషే గానీ ఒక కథ రెండుసార్లు ఒకేలా చెప్పింది లేదు. ఒకసారి దోమని కొట్టానన్నాడు. ఒకసారి ముందు వరసలో ఒకమ్మాయి నన్ను చూసి నవ్వింది, చెయ్యి అదిరిందన్నాడు. వినేవాళ్లని బట్టి దోమ వచ్చేది, అమ్మాయి వచ్చేది. లెమ్యూల్ ముందే ఈ కథలు చెప్పేవాడు. లెమ్యూల్ వింటూ, తలుపు దగ్గర నిలబడి, గ్లౌజులు సవరించుకునేవాడు.

1983 ఆగస్టులో మదర్ మాక్లిన్‌కి తొంభై నిండాయి. చర్చివాళ్లం నది ఒడ్డున పార్కులో పిక్నిక్కు పెట్టుకుని, ఆవిడ పండగ కూడా అందులోనే కలిపాం. టైరీ వస్తున్నాడని కబురొచ్చింది. బృందంలో నలుగురిని వెంటబెట్టుకుని, వాయిద్యాలతో సహా వచ్చాడు. కొంచెం లావయ్యాడు. నాయనమ్మ వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎండలో ఆ నల్ల కళ్లద్దాలు ఎందుకురా, నీకు కళ్లకలకా అని అడిగింది.

భోజనాలు సగంలో ఉండగా టైరీ మైకు పట్టుకున్నాడు. ‘లంచ్ విజిల్’ వాయించబోతున్నామని, దానికి ముందు ఒక పని ఉందని అన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ చప్పట కొట్టిన మనిషిని చూడాలని ఉందట. ఆ రోజు వాయిస్తూ తను బృందం వైపు తిరిగి ఉన్నాడట, చూడలేకపోయాడట. అసలు మనిషి ఇక్కడుంటే ముందుకు రావాలని, ఈ రోజు ఆ చప్పట పక్కనే నిలబడి వాయిస్తానని అన్నాడు.

రాస్కో కోడి కాలు పళ్లెంలో పెట్టి లేచాడు.

“టైరీ తమ్ముడూ, దొంగ దొరికాడు. బేడీలు తెచ్చుకో.”

అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఆ సమయానికి లెమ్యూల్ ఉడికించిన ఆకుకూర గిన్నె పట్టుకుని వడ్డిస్తున్నాడు. సగం వరస వడ్డించాడు. గిన్నె తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. గరిటెను గిన్నె అంచుకి సరిగ్గా ఆనించాడు. అప్పుడు ఇటు తిరిగాడు.

“అది నువ్వు కాదు రాస్కో.”

“మీకెలా తెలుసు లెమ్ అన్నా? మీరు కుర్చీలు దించి వెళ్లిపోయారు కదా. తొమ్మిదేళ్లుగా మీ నోటితోనే వింటున్నాం.”

“వెళ్లలేదు. అక్కడే ఉన్నాను. అది కొట్టింది నేను.”

నవ్వు మొదలైంది. అది ఎగతాళి కూడా కాదు, నిజంగా నవ్వొచ్చింది మాకు. ఈస్టర్ నాడు పాటల మేళం పైకప్పు లేపుతుంటే చూపుడు వేలు మాత్రం కదిపిన మనిషి ఈయన. ఎవరో వెనక నుంచి, లెమ్ అన్న చప్పట కొడితే పాస్టరుగారు ఆ ఆదివారాన్ని రిజిస్టర్లో రాసి ఉండేవారని అన్నారు. నేను వెర్డెల్ వైపు చూశాను. ఆవిడ ప్రమాణం చేసింది కాబట్టి నోరు తెరవలేక పళ్లెంలోని పీచ్ పళ్ల కాబ్లర్ మిఠాయి వంక చూస్తూ కూర్చుంది.

టైరీకి ఇదంతా సరదాగా ఉంది. తగువు తీర్చడం తేలికే అన్నాడు. పాట వాయిస్తాం, ఇద్దరూ కొట్టండి, చప్పుడు నాకు గుర్తుంది, నేనే చెప్తాను అన్నాడు. వాయించారు. బాకా కూసింది. రాస్కో చొక్కా చేతులు మడిచి, మూడు దగ్గర కాకపోయినా రెండున్నర దగ్గర, దోమని కాదు, గద్దని కొట్టినంత జోరుగా కొట్టాడు.

లెమ్యూల్ వంతు వచ్చింది. ఆయన నిటారుగా నిలబడ్డాడు. పాటతోపాటు చప్పట్లు మొదలుపెట్టాడు. ఎంత చక్కగా కొట్టాడంటే డ్రమ్ముల కుర్రాడు తలెత్తి చూశాడు. బాకా కూసింది. ఆయన చేతులు రెండూ గాల్లో, జానెడు ఎడంగా, ఆగిపోయాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కొట్టలేదు. బేస్ తిరిగొచ్చింది.

ఇంకోసారి అన్నాడు లెమ్యూల్. ఇంకోసారి వాయించారు. మళ్లీ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆయన వాటి వంక పరాయివాళ్ల చేతుల్ని చూసినట్టు చూశాడు. మూడోసారి పెదవి కొరుక్కుని ఎలాగో కొట్టాడు గానీ అది సరిగ్గా బేస్ వచ్చే చోట, కొలిచినట్టు, తప్పన్నదే లేకుండా పడింది.

“లెమ్ అన్నా, మీరు నా డ్రమ్మర్ కన్నా నయం,” అన్నాడు టైరీ. “కానీ నేను వెతికే మనిషి ఇంత బాగా కొట్టడు.”

అక్కడితో తేలిపోయినట్టే. రాస్కో ముందుకు వెళ్లి టైరీ పక్కన నిలబడ్డాడు. లెమ్యూల్ మళ్లీ ఆకుకూర గిన్నె దగ్గరికి వెళ్తాడనుకున్నాం. వెళ్లలేదు. నిలబడే ఉన్నాడు. టైరీ మంచివాడు, ఆ నిలబడటం చూశాడు. మైకు పక్కన పెట్టి మామూలు గొంతుతో అడిగాడు.

“సరే అన్నా, మీరే అనుకుందాం. ఆగమని చెయ్యి దించి చూపించాను కదా. మీరు ఎందుకు ఆగలేదు?”

లెమ్యూల్ కుర్చీల లెక్క చెప్తాడనుకున్నాను నేను.

“చూడలేదు బాబూ. కళ్లు మూసుకున్నాను.”

ఎవరో నవ్వబోయి ఆగారు.

“నేను కళ్లు మూసుకునే మనిషిని కాదు,” అన్నాడు లెమ్యూల్. “తలుపు దగ్గర నిలబడేవాడు మూసుకోకూడదు. ఆ రోజు మీరు మొదలుపెట్టారు. ఆ మొదటి దెబ్బ వచ్చి వచ్చి నా కాళ్ల కిందనే పడింది. ఎప్పుడు మూసుకున్నానో నాకే తెలీదు. మీరంతా ఆగిపోయారని నా చేతులకి తెలీలేదు. కళ్లు తెరిచేసరికి ముప్పై మంది తిరిగి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది.”

పార్కులో మా బల్లల దగ్గర ఈగలు తోలుకునేవాళ్లు కూడా చేతులు ఆపారు. అప్పుడు వెర్డెల్ లేచింది. ఆయనే అంతా బయటపెట్టాక ఇక ప్రమాణం పోయిందని ఆవిడకి అర్థమైంది.

“కుర్చీలు లెక్కపెడుతున్నానని చెప్పావు నాకు.”

“చెప్పాను.”

“పెళ్లయి ఇరవై రెండేళ్లు. నన్ను చూసి ఒక్కసారైనా అలా కళ్లు మూసుకున్నావా లెమ్?”

“నిన్ను చూడాలంటే తెరవాలి కదా,” అన్నాడు ఆయన.

దానికి మాత్రం ఎవరూ నవ్వాపుకోలేదు. వెర్డెల్ కూర్చుండిపోయింది. ఆవిడ మెడ ఎర్రబడటం ఎన్నో ఏళ్ల తర్వాత అప్పుడే చూశాను.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. రాస్కో టైరీ పక్క నుంచి రెండడుగులు ఇవతలికి వచ్చాడు. నేల చూస్తూ, ఆ ఆదివారం జీనియా ఊళ్లో తన చెల్లెలి ఇంట్లో గట్టరు శుభ్రం చేస్తున్నానని చెప్పాడు. దోమ సంగతి నిజమేనని, అయితే అది అక్కడి దోమ అని అన్నాడు. లెమ్యూల్ చెయ్యి పట్టుకుని, ఇంత సిగ్గుపడుతూ ఎవరూ అబద్ధం ఆడరు అన్నా, అది మీదే అన్నాడు.

వెంటనే చక్రాల కుర్చీలోంచి మదర్ మాక్లిన్ చెయ్యెత్తింది.

“నేనూ ఆ రోజు లేను,” అంది. “చర్చి నుంచి వచ్చి నిద్రపోయాను.”

టైరీ కళ్లద్దాలు తీసేశాడు. “నాయనమ్మా, ముందు వరసలో కూర్చున్నానన్నావు. తొమ్మిదేళ్లుగా అందరికీ అదే చెప్తున్నాను.”

“నువ్వు అడిగావు, నేను కాదనలేదు. పిల్లాడివి, సంతోషపడ్డావు.”

ఇక అది సాక్ష్యాల కూటమైపోయింది. ఒకరి తర్వాత ఒకరు లేచి, చర్చిలో లేచినట్టే లేచి, నేను లేను అంటే నేను లేను అని చెప్పడం. ఒకాయన ఆ సంవత్సరం సైన్యంలో, జర్మనీలో ఉన్నాడట. నేనూ లేచి కొలంబస్, బొమ్మ తల, ఉంగరాలు అన్నీ ఒప్పుకున్నాను. ఆఖరికి లెక్క చూస్తే నిజంగా హాల్లో ఉన్నవాళ్లు ఆ పార్కులో ఆరుగురు తేలారు. ఆ ఆరుగురూ ఇన్నాళ్లూ తమని ఎవరూ నమ్మకపోవడం గురించి చాలా కోపంగా ఉన్నారు.

టైరీ లెమ్యూల్‌ని పక్కన నిలబెట్టుకుని పాట మొదలుపెట్టాడు. తప్పుగా కొట్టాల్సిన పనేమీ లేదన్నా, మీకు తోచినట్టు ఉండండి అన్నాడు. లెమ్యూల్ కాసేపు మా అందరి వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు కొట్టాడా లేదా అంటే చెప్పలేను. బాకా కూసేసరికి మేం చాలామందిమి కళ్లు మూసుకుని చప్పట్లు కొడుతూనే ఉన్నాం, చూసినవాళ్లు తక్కువ.

తర్వాతి గురువారం వెర్డెల్ నా షాపుకి వచ్చింది. కుర్చీలో కూర్చుని, చెప్పులు విప్పి, మడమలు చూపించింది. రెండు చోట్ల తోలు ఊడింది. శనివారం మధ్యాహ్నాలు యూనియన్ హాల్లో పెద్దవాళ్లకి డ్యాన్సు నేర్పుతున్నారట, లెమ్యూల్ ఇద్దరి పేర్లూ రాయించాడట. చేతులు సరే, కాళ్ల సంగతి ఇంకా ఆయనకి తెలియదని, మనిషి బరువు నూట పది కిలోలని వివరంగా చెప్పింది. ఇంట్లో రోజూ సాధనే అట. సిగ్గు లేకుండా కర్టెన్లు తీసేసి మరీ చేస్తున్నాడట.

“మానెయ్యమని చెప్పకపోయావా అక్కా?” అన్నాను.

“ఎందుకు చెప్తానే,” అంది. “జుట్టు సంగతి చూడు. సాపు చేస్తే చెమటకి గంటలో లేచిపోతోంది. జడలు అల్లెయ్యి, సన్నగా. ఎంతసేపైనా కూర్చుంటాను.”

పాయలు తీసి అల్లడం మొదలుపెట్టాను. సగం తల అయ్యేసరికి ఆవిడ నిద్రపోయింది. మిగతా సగం మెల్లిగా, ఆవిడ తల కదలకుండా, సాయంత్రం దాకా అల్లాను.